కడుపులోని బిడ్డకు కథ: సీమంతం నుంచి పుస్తకాల పేరంటం దాకా

అమెరికాలో నెలలు నిండుతున్న తల్లికి బంధుమిత్రులు కలిసి చేసే వేడుకను బేబీ షవర్ అంటారు. షవర్ అంటే జల్లు. ఇక్కడ కురిసేది కానుకల జల్లు. ఈ వేడుకల్లో కథల పుస్తకాలను ఇతివృత్తంగా తీసుకొని చేసేది ఒక రకం. ఆహ్వానపత్రిక గ్రంథాలయం కార్డులా ఉంటుంది. పుస్తకం తిరిగి ఇవ్వవలసిన గడువు ఉండే చోట కాన్పు తేదీ అచ్చువేస్తారు. అతిథులు శుభాకాంక్షల కార్డుకు బదులు ఒక పిల్లల పుస్తకం తెస్తారు. దాని మొదటి పుట మీద పుట్టబోయే బిడ్డకు రెండు మాటలు రాసి ఇస్తారు. బల్లల మీద అలంకారం కూడా కథల్లోంచే వస్తుంది. బీట్రిక్స్ పాటర్ 1902లో ప్రచురించిన కుందేలు కథను తలుచుకొని ముల్లంగి దుంపలు పేరుస్తారు. ఎరిక్ కార్ల్ 1969 నాటి ఆకలిగొన్న గొంగళిపురుగు కోసం ఒక ఆపిల్, రెండు పియర్ పళ్ళు, మూడు ప్లమ్ పళ్ళు, నాలుగు స్ట్రాబెర్రీలు, ఐదు నారింజలు అదే వరుసలో అమరుస్తారు.

పైకి ఇదంతా పరాయి షోకులా కనిపిస్తుంది. కానీ దీని అడుగున ఉన్న ఊహ మనకు చాలా పాతది. తల్లి చెవిన పడిన మాట కడుపులోని బిడ్డకు అందుతుందనీ, లోకంలోకి వచ్చే మనిషికి ముందుగా అందవలసిన వాటిలో కథ ఒకటనీ ఆ ఊహ. అది మన దగ్గర ఎలా నడిచిందో, అక్కడ ఎలా నడిచిందో పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ఆసక్తికరమైన ప్రశ్న ఎదురవుతుంది. ఆ కథ ఎవరు చెప్పాలి?

సూత్రకారులు చెప్పిన సీమంతం

సీమంతం అంటే పాపట. సీమంతోన్నయనం అంటే పాపట తీయడం. తెలుగునాట బ్రాహ్మణుల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం దీన్ని తొలిచూలులో నాలుగవ నెలలో చేయమంటుంది. మూడు తెల్లని మచ్చలున్న ఏదుముల్లు, మూడు దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి కలిపి పట్టుకొని భర్త ఆమె జుట్టును పైకి పాయదీస్తాడు. ఆ తరువాతి ఘట్టం మన ప్రస్తావనకు ముఖ్యం. ఇద్దరు వీణాగాయకులను పిలిచి పాడమంటారు. ఆ పాటలో తాము ఏ నది ఒడ్డున నివసిస్తున్నారో ఆ నది పేరు చెప్పాలి. అంటే గోదావరి ఒడ్డున ఉన్నవారు గోదావరిని, కృష్ణ ఒడ్డున ఉన్నవారు కృష్ణను తలుచుకోవాలి. బిడ్డ ఇంకా పుట్టలేదు; ఊరి నీటి పేరు మాత్రం అప్పటికే గానంలోకి వచ్చేసింది.

మరి తల్లి ఏం చేస్తుంది? మొలకెత్తిన యవలు ఆమెకు కడతారు. అప్పటి నుంచి నక్షత్రాలు కనిపించే దాకా ఆమె మౌనంగా ఉండాలి. చుక్కలు పొడిచాక బయటికి వెళ్ళి, ఒక దూడను తాకి, అప్పుడు మౌనం విడవాలి. గోభిలుడి పద్ధతిలో ఆమెకు ఒక్క సంభాషణ దక్కింది. నువ్వులు కలిపి వండిన పులగం మీద నెయ్యి పోసి, ఆమెను అందులోకి చూడమని, ఏం కనిపిస్తున్నదని భర్త అడుగుతాడు. సంతానం కనిపిస్తున్నదని ఆమె చెప్పాలి. ఆ జవాబు కూడా ముందే నిర్ణయమై ఉన్నదే.

ఆశ్వలాయనుడు మాత్రం ఒక తలుపు తెరిచి ఉంచాడు. భర్త, పిల్లలు ఉన్న ముదుసలి స్త్రీలు ఏం చెబితే అది చేయమన్నాడు. ఈనాడు మనం సీమంతంగా గుర్తుపట్టేవి చాలావరకు ఈ తలుపులోంచి వచ్చినవే అయి ఉంటాయి. నిండు చేతుల గాజులు, పుట్టింటివారు కడుపు చలువ కోసం తెచ్చే చలిమిడి, పూల జడ, మంగళహారతి, అయిదో నెలా ఏడో నెలా తొమ్మిదో నెలా అన్న లెక్కలు, ఇవన్నీ ఆడవాళ్ళ ఆచారాలు.

వైద్యులు కూడా ఈ సంగతి పట్టించుకున్నారు. నాలుగవ నెలలో గర్భవతికి రెండు హృదయాలుంటాయని, అందుకే ఆమె కోరికలు తీర్చాలని సుశ్రుతుడు అన్నాడు. చరకుడు శారీరస్థానంలో బిడ్డ మనస్తత్వాన్ని తీర్చే కారణాలు లెక్కపెడుతూ, తల్లిదండ్రుల స్వభావంతో పాటు గర్భిణి మాటిమాటికీ వినే మాటలను కూడా చేర్చాడు. పుట్టబోయే బిడ్డకు పుస్తకం తెచ్చే ఆచారానికి మన భాషలో పూర్వగ్రంథం వెతకదలచుకుంటే ఆ ఒక్క పదం చాలు.

విన్న కొడుకులు, మరచిన తల్లులు

గర్భంలో విద్య నేర్చినవారు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది అభిమన్యుడు. పద్మవ్యూహంలోకి వెళ్ళే దారి అర్జునుడు చెబుతుండగా సుభద్ర నిద్రపోయిందని, బయటికి వచ్చే దారి బిడ్డ వినలేదని చిన్నప్పటి నుంచి విన్నాం. కానీ వ్యాసుడి ద్రోణపర్వంలో అభిమన్యుడు వ్యూహం భేదించే ఉపాయం తండ్రి తనకు ఉపదేశించాడని మాత్రమే అంటాడు. కడుపులో విన్న కథ, సుభద్ర కునుకు, జనం నోట చేరిన అందమైన కల్పనలు. అయితే ఆ కల్పన ఒక నిందను కూడా మోసుకొచ్చింది. పదహారేళ్ళ వీరుడి మరణానికి కారణం చుట్టుముట్టిన మహారథులు కాక తల్లి నిద్ర అయి కూర్చుంది.

భాగవతం సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు తోటి పిల్లలకు తన సంగతి చెబుతాడు. ఇంద్రుడు చెరపట్టి తీసుకుపోతున్న తన తల్లిని నారదుడు విడిపించి ఆశ్రమంలో ఉంచాడు, ఆమెకు ధర్మం బోధించాడు. మూలంలో ఆమె కయాధువు. తెలుగువారికి లీలావతిగా పరిచయం. ప్రహ్లాదుడు అక్కడే ఇంకో మాట చేరుస్తాడు. ఆడది కావడం వల్ల, చాలా కాలం గడవడం వల్ల అమ్మ ఆ బోధ మరచిపోయింది, నేను మరువలేదు అని. వనపర్వంలోని అష్టావక్రుడైతే తల్లి సుజాత గర్భంలో ఉండే తండ్రి వల్లెవేతలో తప్పు పట్టాడు, ఆ కోపానికి ఎనిమిది వంకర్లతో పుట్టాడు.

మూడు కథల్లోనూ ఒక పోలిక ఉంది. చెప్పేవాడు మగవాడు, వినే బిడ్డ మగబిడ్డ. మధ్యలో తల్లి నిద్రపోతుంది, మరచిపోతుంది, లేదా ఊరకుంటుంది. మాట ఆమె గుండా పోతుంది కానీ ఆమెది కాదు.

ఈ లోటును తెలుగు ఆడవాళ్ళ పాటలు పూడ్చాయి. కౌసల్య వేవిళ్ళ పాట అందుకు మంచి ఉదాహరణ. వాల్మీకి పాయసం దగ్గర నుంచి పుత్రోదయం దాకా త్వరగా నడిచిపోతాడు. పాటలు కట్టిన స్త్రీలు అక్కడ ఆగారు. కౌసల్యకు వికారం పుట్టింది, ఆమె అలసట, నొప్పి, చుట్టూ చేరిన ఆడవాళ్ళ ఆదరణ, అన్నీ రామాయణంలోకి వచ్చాయి. వెల్చేరు నారాయణరావు గారు ఈ పాటలను వివరిస్తూ రాసిన ఆంగ్లవ్యాసం 1991లో పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో వెలువడిన రామాయణాల సంకలనంలో ఉంది. రాజుల యుద్ధాల కన్నా పురుళ్ళు, పెళ్ళిళ్ళు, లాలిపాటలు ఈ రామాయణంలో ప్రధానమని అందులో చూస్తాం. ఇక్కడ కథ చెప్పేది గర్భం మోసిన, మోస్తున్న స్త్రీలే.

పాతిక సెంట్ల పుస్తకం

ఇక అక్కడి చరిత్ర. పిల్లల సంతోషం కోసమే పుస్తకం వేయడం ఒక వ్యాపారంగా లండన్‌లో జాన్ న్యూబరీ 1744లో తెచ్చిన చిన్న పుస్తకంతో స్థిరపడిందని సాధారణంగా చెబుతారు. కానీ పేరంటానికి వెళ్ళే ప్రతి మనిషీ ఒక పుస్తకం కొని తీసుకుపోవాలంటే పుస్తకం చవక కావాలి. అమెరికాలో 1942లో లిటిల్ గోల్డెన్ బుక్స్ పన్నెండు పుస్తకాలతో మొదలయ్యాయి. ఒక్కొక్కటి పాతిక సెంట్లు. పుస్తకాల దుకాణాల్లోనే కాక సరుకులమ్మే అంగళ్ళలో కూడా దొరికాయి. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక జననాలు విపరీతంగా పెరిగిన ఆ ఏళ్ళలోనే బేబీ షవర్ కూడా ఇంటింటి ఆచారమైంది. ఆ తరువాత వైద్యులు, గ్రంథాలయాలు రంగంలోకి దిగాయి. 1989లో బోస్టన్ ఆసుపత్రిలో పిల్లల వైద్యులు తమ దగ్గరికి వచ్చే పసివాళ్ళకు పుస్తకాలివ్వడం మొదలుపెట్టారు. 1992లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బుక్‌స్టార్ట్ వచ్చింది. 1995లో గాయని డాలీ పార్టన్ తాను పుట్టిన టెనెసీ జిల్లాలో పిల్లలకు అయిదేళ్ళ వరకు నెలకొక పుస్తకం పంపే ఏర్పాటు చేసింది. ఆమె తండ్రికి చదువు రాదు.

మనకూ ఆ కాలంలోనే పిల్లల పఠనం విస్తరించింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల' 1945లో, నాగిరెడ్డి చక్రపాణిల 'చందమామ' 1947 జూలైలో మద్రాసు నుంచి వెలువడ్డాయి. అవి పఠనం నేర్చిన పిల్లల కోసం వచ్చిన పత్రికలు. ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకొని చూపించే బొమ్మల పుస్తకం మన ఇళ్ళలో చాలాకాలం లేదు. ఆ వయసుకు మనకున్నది అమ్మమ్మ నోరు.

టోపీ పెట్టుకున్న పిల్లి

థియోడార్ గైసెల్, అంటే డాక్టర్ స్యూస్, 1957లో 'ద క్యాట్ ఇన్ ద హ్యాట్' రాశాడు. మొత్తం పుస్తకంలో వాడిన వేర్వేరు మాటలు 236 మాత్రమే. చదవడం నేర్చే పిల్లల కోసం రాసిన ఆ పుస్తకం దాదాపు ముప్ఫై ఏళ్ళకు పుట్టని పిల్లల ముందుకు వెళ్ళింది. నార్త్ కరోలినాలో ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ అనే మనస్తత్వ పరిశోధకులు గర్భిణులను చివరి ఆరు వారాలు రోజుకు రెండుసార్లు ఒక కథాభాగాన్ని బిగ్గరగా చదవమన్నారు. కొందరు ఈ పిల్లి కథ, కొందరు వేరే కథలు చదివారు. పుట్టిన రెండు మూడు రోజుల్లో బిడ్డల నోట పాలపీక పెట్టి, చీకే తీరును బట్టి ఒక కథో ఇంకో కథో వినిపించే ఏర్పాటు చేశారు. తల్లి కడుపులో ఉండగా విన్న కథనే వినడానికి బిడ్డలు తమ చీకే తీరు మార్చుకున్నారు. చదివే గొంతు వేరొక తల్లిదైనా అదే ఫలితం. 1986లో ఈ పరిశోధన అచ్చయింది.

దీన్ని చూసి మనవాళ్ళకు ముందే తెలుసునని చంకలు గుద్దుకోనక్కరలేదు. బిడ్డ గుర్తుపట్టింది అర్థాన్ని కాదు. కడుపు గోడల గుండా హెచ్చు స్వరాలు సరిగా పోవు. లోపలికి చేరేది మాటల ఎత్తుపల్లాలు, లయ. పద్మవ్యూహం మాట అటుంచి పిల్లి టోపీ సంగతి కూడా ఏ బిడ్డకూ తెలియదు. గర్భంలోనే మేధావులను తయారుచేస్తామని రుసుము పుచ్చుకొనే తరగతులకు ఈ పరిశోధనలో ఆధారం లేదు.

కానీ ఉన్నదే తక్కువది కాదు. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో ఫ్రెంచి తల్లుల బిడ్డల ఏడుపు ఎగువకు సాగితే, జర్మన్ తల్లుల బిడ్డల ఏడుపు దిగువకు జారిందని తేలింది. అంటే పుట్టీ పుట్టగానే ఏడ్చే ఏడుపులో అమ్మ భాష బాణీ ఉంది. డల్లాస్‌లోనో హైదరాబాదులోనో తెలుగు చదవలేని పిల్లలు పెరుగుతున్న ఇళ్ళకు ఇది పట్టించుకోదగిన సంగతి. భాష బడిలో పోతున్నదని మనం వాపోతుంటాం. అది మొదలయ్యేది బడికి ముందే.

ఆ పరిశోధనలో చదివింది తల్లి. నారదుడు కాదు, అర్జునుడు కాదు. ఆమె మెలకువగా ఉంది, ఆమె గొంతే కథ.

చేయదలచిన వారికి

కనుక తెలుగింట పుస్తకాల సీమంతం చేయదలచినవారు కుందేళ్ళను, గొంగళిపురుగులను అరువు తెచ్చుకోనక్కరలేదు. మనకు ఏడు చేపల కథ ఉంది. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు, గడ్డిమోపుకు ఆవు, ఆవుకు పాలేరు, అలా నేరం చేతులు మారుతూ ఏడ్చే పసిబిడ్డ దగ్గరికి, ఆ బిడ్డను కుట్టిన చీమ దగ్గరికి చేరే కథ అది. ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది, లయ మారదు. ఆ పరిశోధకులకు తెలుగు వచ్చి ఉంటే ఈ కథనే ఎంచుకొనేవారేమో! గుమ్మానికి మామిడాకుల నడుమ ఏడు కాగితం చేపలు గుచ్చితే అలంకారం అయిపోతుంది. ఒకటి మాత్రం కొంచెం తడిగా కనబడాలి.

ఏడో నెల మంచిది. ఆ సరికి బిడ్డకు వినికిడి వచ్చి ఉంటుంది. పిలుపులోనే ఒక పుస్తకం తెమ్మని, గాజులతో సమానంగా అదే కానుక అని చెప్పవచ్చు. తెలుగు పుస్తకం దొరకనివారు తమకు తెలిసిన కథో లాలిపాటో కాగితం మీద రాసి తెస్తే ఇంకా మేలు. అచ్చులో లేనిది నిలుస్తుంది. పెద్దవాళ్ళ చేత ఒక పాట పాడించి, ఫోనులో పట్టి ఉంచుకోవాలి. చివర గర్భవతి చేత ఒక పుట చదివించాలి. సూత్రకారుడు ఆమెను చుక్కలు పొడిచే దాకా మాట్లాడవద్దన్నాడు. చుక్కలు ఎప్పుడో పొడిచాయి.

ఇంకొక్క మాట. గాజులు తొడిగే వేళ మన ఇళ్ళలో కొందరు తమంతట తామే గోడ పక్కకు జరుగుతారు. భర్త పోయినవారు, పిల్లలు లేనివారు. వారిని ఎవరూ వెళ్ళమనరు, రమ్మని కూడా అనరు. పుస్తకానికి ఆ అంటు లేదు. దాని మొదటి పుట మీద దీవెన రాయడానికి అయిదోతనం అక్కరలేదు. పాటలన్నీ నోటికి వచ్చేది చాలాసార్లు ఆ గోడ పక్కన నిలబడిన పెద్దమ్మకే. ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి మొదటి కథ చెప్పించగలిగితే ఈ కొత్త వేడుక మన దగ్గర నిలవడానికి ఆ ఒక్క కారణం చాలు.

మీ ఇళ్ళలో సీమంతం నాడు పాడే పాటలు, చెప్పే కథలు ఏవైనా పెద్దల నోట ఇంకా మిగిలి ఉంటే, వారు ఉండగానే రాసిపెట్టండి. మాకూ చెప్పండి.