ప్రశ్నను విడదీసిన వర్ధమానుడు

జైనమతాన్ని స్థాపించినవాడు వర్ధమాన మహావీరుడని ఒక్క వాక్యంలో తేల్చివేయడం పాఠ్యపుస్తకాలకు పరిపాటి. జైనులు ఆ మాట ఒప్పుకోరు. వారి లెక్కలో ఆయన ఇరవైనాలుగవ తీర్థంకరుడు, అంటే చివరివాడు. దీనిని భక్తుల అతిశయోక్తిగా తోసిపుచ్చడానికి వీలులేదు. తొలి తీర్థంకరుల కథలు పురాణాలే అయినా, ఇరవైమూడవవాడైన పార్శ్వనాథుడు చారిత్రక పురుషుడేనని పలువురు పండితులు అంగీకరిస్తారు. మహావీరుని తల్లిదండ్రులు పార్శ్వుని అనుయాయులని ఆచారాంగ సూత్రం చెబుతున్నది. మహావీరుని నిర్వాణం సంప్రదాయం ప్రకారం క్రీ.పూ. 527లో జరిగింది, ఆధునిక చరిత్రకారులు చాలామంది దానిని మరికొన్ని దశాబ్దాలు ఇటు జరుపుతారు.

పార్శ్వుడు చెప్పిన వ్రతాలు నాలుగు: అహింస, సత్యం, అస్తేయం, అపరిగ్రహం. మహావీరుడు బ్రహ్మచర్యాన్ని విడిగా చెప్పి వాటిని ఐదు చేశాడు. గురువులిద్దరి గమ్యమూ ఒకటే అయినప్పుడు ఈ భేదమెందుకు? పార్శ్వుని పరంపరలోని కేశి, మహావీరుని శిష్యుడైన గౌతముడు శ్రావస్తిలో కలుసుకుని దీనినే చర్చించుకున్నట్లు ఉత్తరాధ్యయన సూత్రంలో ఒక అధ్యాయమే ఉన్నది. కాలాన్నిబట్టి మనుషుల స్వభావం మారుతుంది కనుక ధర్మాన్ని చెప్పే తీరూ మారుతుందని గౌతముడు సమాధానమిచ్చాడు. కేశి సమాధానపడ్డాడు. వాదం విరోధంగా ముగియకపోవడం గమనింపదగినది.

ఇక తత్త్వం. జైనులకు కర్మ అంటే కేవలం పాపపుణ్యాల పద్దు కాదు. అది అతిసూక్ష్మమైన పదార్థం. కామక్రోధాదుల తడి ఉన్న జీవునికి అది ధూళిలా అంటుకుంటుంది. లోనికి ప్రవహించడం ఆస్రవం, అంటుకోవడం బంధం, రాకను అడ్డుకోవడం సంవరం, చేరినదానిని రాల్చివేయడం నిర్జర, పూర్తిగా విడివడడం మోక్షం. జీవాజీవాలను కలుపుకొంటే తత్త్వాలు ఏడు. అమరకోశం వల్లెవేసిన మాబోటివారికి నిర్జరులంటే ముసలితనంలేని దేవతలు. జైనుల నిర్జర కర్మ జీర్ణించిపోవడం. ధాతువు ఒక్కటే, అక్కడ జరలేకపోవడం, ఇక్కడ జీర్ణమై రాలిపోవడం. ఈ లోకాన్ని సృష్టించిన ఈశ్వరుడు జైనంలో లేడు కనుక, ఆ రాల్చుకొనే పని జీవుడే చేసుకోవాలి.

అన్నింటికన్న నన్ను ఆకర్షించినది మరొకటి. ఈ లోకం శాశ్వతమా, అశాశ్వతమా అని అడిగితే బుద్ధుడు సమాధానం చెప్పలేదు. దుఃఖనివారణకు ఆ విచారం ఉపకరించదని ఆయన అభిప్రాయం. ఇదే ప్రశ్నకు జమాలి అనే శిష్యుడు నోరు మెదపలేకపోగా, మహావీరుడు బదులుచెప్పిన ఘట్టం భగవతీ సూత్రంలో ఉన్నది. లోకం లేని కాలమంటూ లేదు కనుక అది శాశ్వతం. ఉన్నతి, క్షీణత ఒకదాని వెంట ఒకటి వస్తాయి కనుక అశాశ్వతం. జీవుడూ అంతే: ఎన్నడూ నశించడు కనుక నిత్యుడు, ఒక జన్మ విడిచి మరొక జన్మ ఎత్తుతాడు కనుక అనిత్యుడు. బుద్ధుడు ప్రశ్నను పక్కన పెట్టాడు. మహావీరుడు దానిని విడదీశాడు. తరువాతి తార్కికులు స్యాద్వాదమనీ, సప్తభంగి అనీ పెంచిన వృక్షానికి విత్తనం ఇటువంటి సమాధానాలలోనే ఉన్నది.

పరస్పర విరుద్ధ ధర్మాలు ఒకే వస్తువులో ఏకకాలంలో ఇమడవని శంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో దీనిని ఖండించారు. ఆక్షేపణ బలమైనదే. కాని జైనుడు రెండు మాటలనూ ఒకే దృష్టితో అనడంలేదు. ఏ దృష్టితో అంటున్నాడో ముందే చెప్పి మరీ అంటున్నాడు. అందుచేత అనేకాంతాన్ని "ఎవరి మాట వారికి నిజం" అనే గోడమీది పిల్లివాటంగా అర్థం చేసుకోవడం అన్యాయం. అది ఎదుటివాని మాటలో ఏ మేరకు నిజమున్నదో కొలిచి చెప్పవలసిన బాధ్యత. మౌనం కన్నా, ఖండన కన్నా అదే కష్టమైన పని అని నా నమ్మకం. చీమకు హాని కలుగకుండా అడుగు చూసి వేయమన్న ధర్మం, మాటనూ చూసి వేయమన్నది.