గంగలో మునిగిన పీష్వా

చనిపోయినవాడు ఎచ్చటనో బ్రదికియున్నాడను వదంతి మన దేశమునకు క్రొత్త కాదు. కాని తన చావును తానే లోకమునకు చూపి, పిదప నిజముగా చనిపోయినను ఎవరిచేతను నమ్మించలేకపోయినవాడు నానాసాహేబు. మహారాష్ట్రమున తరతరములుగా నివసించు మనవారు ఆయన కథను ఇరుగుపొరుగు పెద్దల నోట వినియేయుందురు. అందు నవ్వు పుట్టించు భాగమును ఇచట చెప్పదలచితిమి. అయితే అది నవ్వుతోనే ముగియునది కాదు.

ఆయన అసలు పేరు ధోండోపంతు. 1824లో జన్మించెను. 1827లో రెండవ బాజీరావు దత్తు చేసికొనెను. 1851లో బాజీరావు గతింపగానే, ఏటా ముట్టుచున్న ఎనిమిది లక్షల రూపాయల భరణమును కంపెనీవారు నిలిపివేసిరి. 1857లో కాన్పూరున సతీచౌరా రేవునను, బీబీఘర్‌లోను జరిగిన ఆంగ్లేయుల వధయు, దానికి ప్రతిగా దొరలు సాగించిన ఉరితీతలును పాఠకు లెరిగినవే.

ఆ జూలైలో హేవలాకు సేనకు ఓడి నానా బిఠూరు చేరెను. గంగలో ప్రాణత్యాగము చేయనున్నానని అచట చాటించెనట. రాత్రివేళ పరివారముతో పడవ నెక్కి, నడియేట దీపము ఆరినప్పుడు తాను మునిగినట్లు ఎరుగుడని చెప్పెనట. దీపము ఆరెను. గట్టున ఏడ్పులు మిన్నుముట్టెను. పడవ మాత్రము ఆ చీకటిలో సుఖముగా ఆవలి యొడ్డు చేరెను. ఇంతలో రేవు పండాలు కన్నీరు తుడుచుకొనుటకైన నాగక మేడను దోచుకొనిరట! పీష్వా చనిపోయెనని నిండుమనసుతో నమ్మినవారు బహుశః వా రొక్కరే.

రెండేండ్లు గడచెను. నేపాలు తెరాయి అడవులలో నానా జ్వరముతో 1859 సెప్టెంబరున మరణించెనని ఆ దేశపు దర్బారు తెలిపెను. మన మన్యపు చలిజ్వరము నెరిగినవారికి ఇందు నమ్మరానిది ఏమియు లేదు. కాని ఒకసారి మునిగి తేలినవాని చావును దొర లెట్లు నమ్ముదురు? ఆయన తలపై లక్ష రూపాయల బహుమాన ముండెను. శవమును కన్నులార చూచిన దొర ఒక్కడును లేడు. ఆపై దేశమున పలుచోట్ల నానాసాహేబులు పట్టుబడసాగిరి. నడివయసు, మరాఠీ మాట, కాషాయబట్ట కలిగి తిరుగు బైరాగికి ఆ కాలము మంచిది కాదు.

1874లో గ్వాలియరు మహారాజు జయాజీరావు సింధియా అట్టివా నొకని పట్టి ఇంగ్లీషువారి కప్పగించెను. అతడు తొలుత తానే నానానని పలికి, పిదప కాదనెను. కాన్పూరునకు కొనిపోయి, నానాను పూర్వ మెరిగినవారికి చూపిరి. తుదకు వాడు నానా కాడని తేలెను. మరి ఇరువదియేండ్లకు గుజరాతున ఒక పడుచు దొర ఎవనినో పట్టుకొని, నానా దొరికెను, ఏమి చేయుదునని పైవారికి తంతి నిచ్చెననియు, తక్షణము విడిచిపెట్టుమని బదులు వచ్చెననియు ఒక కథ కలదు. నిజమో కాదో కాని, సర్కారువారి విసుగు అందు చక్కగా కనబడును.

నవ్వుకొందుము గాక, లక్ష రూపాయల ఆశకు ఎవడో వ్రేలు చూపినందున సంకెళ్లు పడిన బైరాగుల మాట యేమి? వారిలో ఒక్కడు గుర్తింపబడినను ఉరికంబ మెక్కవలసినదే. మా యూహలో తప్పు ఒక్క నానాది కాదు. ఉరితీయుటకు ఏలినవారికి ఆయన బ్రదికియుండవలెను. తిరిగివచ్చుటకు ఓడినవారికిని ఆయన బ్రదికియుండవలెను. జ్వరముతో అడవిలో పోయిన మనిషి ఇరువురకును పనికిరాడు. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్‌కు సైతము పనికిరాలేదు. 1880 నాటి తన నవలలో ఆయనను బ్రదికించియే ఉంచెను.

మనవారు ఊరకుందురా? గుజరాతులోని సీహోరు గుహలలో సాధువై యుండెనని కొందరు, నైమిశారణ్యమున తపస్సు చేయుచు 1906 దాక జీవించెనని కొందరు చెప్పుదురు. సూతుడు శౌనకాదులకు పురాణములు వినిపించిన చోటు అదియే గదా!