కొక్కెర తెగులుకు రాణీఖేత్ అనే పేరు ఎట్లొచ్చింది? టీకా మన ఊరికి ఎందుకు అందుతలేదు?

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికగా చదవండి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నాటుకోళ్లు లేని ఊరు ఉండదు. వాటిని ఊడ్చుకపోయే రోగాన్ని మనం కొక్కెర తెగులు అంటం. పశువుల డాక్టర్లు రాణీఖేత్ అంటరు, ఇంగ్లండోళ్లు న్యూకాజిల్ అంటరు. పేర్లు మూడైనా వైరస్ ఒక్కటే. ఆకుపచ్చ రెట్ట, గురక, మెడ వంకర, రెక్కలు ఈడ్చుడు. పిల్లలైతే చాలాసార్లు లక్షణం కనపడేలోపే పోతయి.

1926లో ఈ రోగం జావా దీవిలో కోళ్లను చంపింది. అదే ఏడు ఇంగ్లండులో న్యూకాజిల్ పట్నం దగ్గర కూడా కనపడ్డది. ఇది అంతకుముందు తెలిసిన కోళ్ల ప్లేగు కాదు, వేరే వైరస్ అని డోయిల్ అనే శాస్త్రవేత్త 1927లో చెప్పి, ఆ ఊరి పేరే పెట్టిండు. మన దేశంలో కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించిన్రు. ముక్తేశ్వర్ పశువైద్య పరిశోధన సంస్థకు చెందిన ఎడ్వర్డ్స్ 1928లో దాని గురించి రాసిండు. అంటే రోగం ఆ ఊర్లోనే పుట్టిందని కాదు, ఆ ఊర్లో పట్టుకున్నరని. అప్పుడు మనం నిజాం రాజ్యంలో ఉన్నం.

టీకాకు కూడా ఎక్కువ కాలం పట్టలేదు. కోడిగుడ్డు లోపలి పిండంలో వైరస్‌ను మళ్ళీ మళ్ళీ పెంచి, దాని బలం తగ్గించి టీకాగా వాడే పద్ధతిని అయ్యర్, డాబ్సన్ 1940లో ప్రకటించిన్రు. ముక్తేశ్వర్ రకం వైరస్‌తో చేసిందే ఇప్పుడు మనం వేయించే ఆర్2బి. అయితే అది చిన్న పిల్లలకు ఘాటు. అందుకే 6 నుంచి 8 వారాల వయసుల వేస్తరు. అంతకుముందు, మొదటి వారంల, కంట్లనో ముక్కులనో లసోటా లేదా ఎఫ్ రకం చుక్క వేస్తరు. లసోటా అనేది అమెరికాలో ఒక కోళ్ల రైతు ఇంటిపేరు. 1946లో ఆయన ఫారంలోనే ఆ మెత్తటి రకం దొరికింది.

తోటల్ల గూస్ బాతులు పెంచేటోళ్లు కూడా ఇది గమనించాలె. వాటి పిల్లలను మొదటి నెలలోనే చంపే పార్వో వైరస్‌ను 1956లో చైనాలో గుర్తించిన్రు. తల్లి బాతుకు టీకా వేస్తే ఆ రక్షణ గుడ్డు సొన ద్వారా పిల్లకు అందుతది. ఇక కొక్కెర వైరస్ బాతులలో ఉన్నా మామూలుగా వాటికి జబ్బు చేయదు. కానీ 1997 నుంచి చైనాలో గూస్ బాతులు కూడా దీనితో చచ్చుడు మొదలైంది. అందుకే కోళ్లను, బాతులను ఒక్క దొడ్లో కలపకండి.

మరి 1940 నుంచి దారి తెలిసినా మన కోళ్లు ఎందుకు చస్తున్నయి? హైదరాబాద్ శాంతినగర్‌ల వీబీఆర్‌ఐ అనే సర్కారు సంస్థ టీకాలు తయారు చేస్తది. కానీ సీసా వంద కోళ్లకు సరిపోయేటట్టు వస్తది, మన ఇంట్ల ఉండేవి పది. ఐసు లేకుంటే టీకా చెడుతది. కలిపినంక రెండు గంటల్లో వాడాలె. ఒక్క ఇంటి కోసం ఎవరు సీసా విప్పుతరు? తండాల్లో, గూడేల్లో ఈ లెక్క ఇంకా కష్టం. నష్టపోయేది ఎక్కువగా ఆడోళ్లే. గుడ్లు, పుంజులు అమ్మిన పైసలే వాళ్ల చేతిఖర్చు.

నాకు తోచింది ఇది. వాడకట్టులో పది, పదిహేను ఇండ్లు కలిసి ఒక రోజు పెట్టుకోండి. కోళ్లు గంపల కింద ఉన్నప్పుడే, పొద్దుగాల, గోపాలమిత్రనో పశువుల డాక్టరునో పిలిపించండి. మేడారం జాతర ఉన్న ఏడాది దానికి మూడు వారాల ముందే వేయించండి. అంగడిల కొన్న కోడిని రెండు వారాలు వేరే కట్టేయండి. రోగం వచ్చినంక మందు లేదు. చచ్చినదాన్ని సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి, కుక్కలకు వేయకండి. రోగం తగిలిన కోడిని అగ్గువకు అంగడిల అమ్మితే, అది పక్క ఊరి అక్క కోళ్లను కూడా తీసుకపోతది.

మీ ఊర్లో ఈ తెగులును ఏమంటరు? ఎప్పుడు ఎక్కువ వస్తది? కింద రాయండి.