లోక్‌సభ లెక్కలు, విశాఖ ఉక్కు: 1970 ఏప్రిల్ ప్రకటనపై పునఃపరిశీలన

విశాఖలో ఉక్కు కథ చెప్పమంటే ఎవరైనా 1966 నవంబరు 1 దగ్గర మొదలుపెడతారు. రాష్ట్రావతరణ దినం నాడే పోలీసు కాల్పులు, నెత్తురు. ఆ తర్వాత ఇందిరాగాంధీ దిగివచ్చి ఫ్యాక్టరీ ఇచ్చిందని ముగిస్తారు. ‘ఆ తర్వాత’ అన్న రెండు మాటల్లో దాదాపు మూడున్నరేళ్లు ఇరుక్కుని ఉన్నాయి. ఈ వ్యాసం ఆ మూడున్నరేళ్ల గురించి. ఉద్యమం లేకపోతే ప్లాంటు వచ్చేది కాదు, అందులో సందేహం లేదు. కానీ ఉద్యమం అడిగిన రోజున రానిది 1970 ఏప్రిల్ 17న ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు విశాఖ వీధుల్లో దొరకదు, లోక్‌సభ సీట్ల లెక్కలో దొరుకుతుంది.

ముందు సాంకేతికంగా ఉన్న బలం చూద్దాం. దక్షిణాదిలో కొత్త ఉక్కు కర్మాగారానికి విశాఖే తగిన చోటని బ్రిటిష్–అమెరికన్ కన్సార్షియం 1965లోనే తేల్చింది. ఓడరేవు ఉంది. బైలదిల్లా కొండల నుంచి కిరండూల్–కొత్తవలస రైలు మార్గం పడుతోంది. జపానుకు ఖనిజం ఎగుమతి చేయడానికి వేసిన మార్గమది. మన రేవు మీదుగా మట్టి వెళ్లిపోతుంది, ఉక్కు మాత్రం ఇంకెవరో చేసుకుంటారు అన్న బాధ ఊరికే పుట్టింది కాదు. కన్సార్షియం నివేదిక వచ్చిననాటి కేంద్ర ఉక్కు మంత్రి నీలం సంజీవరెడ్డి. 1967లో ఆ శాఖ మర్రి చెన్నారెడ్డి చేతికి వచ్చింది. అంటే నిపుణుల మాట అనుకూలంగా ఉంది, మూడేళ్ల వ్యవధిలో ఇద్దరు తెలుగువాళ్లు ఆ కుర్చీలో కూర్చున్నారు, అయినా ఒక్క ఇటుక కదల్లేదు. మనవాడు మంత్రయితే పని అవుతుందన్న నమ్మకం మనకు చాలా గట్టిది. ఈ ఉదాహరణ దానికి ఏమాత్రం సహకరించదు.

1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చునేనాటికి ఢిల్లీ ఖజానా ఖాళీగా ఉంది. ఆ ఏడాది జూన్‌లో డాలరుకు 4.76 రూపాయలున్న విలువను 7.50కి దించారు. కరువు, యుద్ధం ఖర్చు కలిసి నాలుగో ప్రణాళికనే వాయిదా వేయించాయి. దీక్షకు తోడుగా విద్యార్థులు రోడ్డెక్కారు, రాష్ట్రమంతా అంటుకుంది. ఉద్యమ జ్ఞాపకంలో అమరుల సంఖ్య 32. ప్రతిపక్ష శాసనసభ్యులు రాజీనామాలు ఇచ్చారు. కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం ఇచ్చిన హామీలతో దీక్ష ముగిసింది. ఢిల్లీ నుంచి వచ్చినవి మాటలే. 1967లో ఉద్యమ సారథి తెన్నేటి విశ్వనాథాన్ని విశాఖ ఓటర్లు స్వతంత్రుడిగా లోక్‌సభకు పంపారు. కానీ అదే ఎన్నికల్లో రాష్ట్రంలోని 41 స్థానాల్లో 35 కాంగ్రెస్‌కే దక్కాయి. నెత్తురు చిందిన కొద్ది నెలలకే పాలక పక్షానికి ఇంత బలం వస్తే, ఢిల్లీకి తొందరేముంటుంది?

తొందర 1969లో వచ్చింది. ఆగస్టులో రాష్ట్రపతి ఎన్నిక. పార్టీ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి. ప్రధాని మొగ్గు వి.వి. గిరి వైపు. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, కార్మిక నాయకుడు అయిన గిరి రెండో ప్రాధాన్య ఓట్లతో గట్టెక్కారు. సొంత పార్టీ అభ్యర్థిని సొంత ప్రధానే ఓడించిన ఆ ఎన్నికలో అటూ ఇటూ తెలుగువాళ్లే ఉండటం చరిత్ర ఆడిన చిన్న హాస్యం. నవంబరులో కాంగ్రెస్ నిలువునా చీలింది. ఇందిర వెంట మిగిలిన ఎంపీలు సుమారు 220 మంది, సభలో మెజారిటీకి నలభైకి పైగా తక్కువ. 1967లో 25 స్థానాలు గెలిచిన డీఎంకే, 23 గెలిచిన సీపీఐ ఆసరాతో ఆ లోటు పూడింది.

ఆ స్థితిలో, 1970 ఏప్రిల్ 17న, ప్రధాని దక్షిణాదికి ఒకటి కాదు మూడు ఉక్కు కర్మాగారాలు ప్రకటించారు. విశాఖ, సేలం, విజయనగర. ఈ మూడు పేర్లనూ పక్కపక్కన పెట్టి చదవాలి. సేలం డీఎంకే ఏలుతున్న తమిళనాడులో ఉంది, ఆ పార్టీ ఎంపీలు లేకపోతే ప్రభుత్వం నిలవదు. విజయనగర, అంటే హోస్పేట దగ్గరి తోరణగల్లు, మైసూరు రాష్ట్రంలో ఉంది. అది చీలికలో ఇందిరకు ఎదురు నిలిచిన కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప సొంత గడ్డ. అక్కడ వీరేంద్ర పాటిల్ నాయకత్వాన ప్రత్యర్థి కాంగ్రెస్సే గద్దె మీద ఉంది. ఎర అక్కడ వేస్తేనే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి తనవైపు నిలిచాడు గానీ, తెలంగాణ ఉద్యమం 1969 పొడుగునా మండి ఇంకా చల్లారలేదు. దానికి నాయకత్వం వహిస్తున్నది నిన్నటి ఉక్కు మంత్రి చెన్నారెడ్డే. కోస్తా కూడా చేజారితే ఆ 35 స్థానాల కంచుకోట ఏమైపోవాలి? మిత్రుడికొకటి, ప్రత్యర్థి ఇంటి ముంగిట ఒకటి, తనవాళ్లను నిలుపుకోవడానికొకటి. ఇది తేదీల నుంచీ సీట్ల నుంచీ నేను తీస్తున్న అనుమితి. ఇలాంటి పని చేసినవాళ్లు సంతకం పెట్టి ఒప్పుకోరు కాబట్టి అనుమితికి మించిన రుజువు అడగడం అమాయకత్వం.

అధికారంలో ఉన్నవాళ్లు ఉపాధి పేరుతో ఇలా పావులు కదపడం మనకే ప్రత్యేకం కాదు. 1964లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికంపై యుద్ధం పేరిట యువతకు శిక్షణ, పని కల్పించే బిల్లును సభలో గట్టెక్కించవలసి వచ్చింది. దక్షిణాది సభ్యులకు కిట్టని ఆడమ్ యార్మొలిన్‌స్కీ అనే అధికారిని పక్కన పెడతామన్నాకే ఓట్లు కదిలాయి. ఆ పథకాన్ని రూపుదిద్దినవాళ్లలో ఆయనొకడు. జాన్సన్ ఒక మనిషిని బలిచ్చి చట్టం తెచ్చుకున్నాడు. చట్టంతో పాటు డబ్బూ వచ్చింది. ఇందిర ఎవరినీ బలివ్వలేదు, ఒక్క వాగ్దానాన్ని మూడు ముక్కలు చేసి పంచింది. ముక్కల వెనక మాత్రం డబ్బు లేదు. నిర్దాక్షిణ్యంలో ఎవరు ఎక్కువన్నది, పథకం అందుకోవలసినవాడి వైపు నుంచి చూస్తే, అంత తేలిగ్గా తేలదు.

1970 డిసెంబరు 27న లోక్‌సభ రద్దయింది. 1971 జనవరి 20న, నెల తిరక్కుండానే, ఇందిర విశాఖ వచ్చి బాలచెరువు దగ్గర శంకుస్థాపన చేశారు. మార్చిలో పోలింగు. గరీబీ హటావో నినాదం దేశమంతా మోగిన ఆ ఎన్నికల్లో ఆమె పార్టీ రాష్ట్రంలో 28 స్థానాలు గెలిచింది, తెలంగాణ ప్రజా సమితి 10 ఎగరేసుకుపోయింది. సెప్టెంబరులో ప్రజా సమితిని కాంగ్రెస్‌లో కలుపుకున్నారు. చీలికలో తన పక్కన నిలిచిన బ్రహ్మానందరెడ్డిని దింపి పి.వి. నరసింహారావును కూర్చోబెట్టారు. అప్పటికి ఆమెకు సొంత మెజారిటీ వచ్చేసింది. అవసరం తీరిన మిత్రుడి గతి అదైతే, అవసరం తీరిన శిలాఫలకం గతి అంతకంటే మెరుగ్గా ఎందుకుంటుంది?

ఆ తర్వాత దశాబ్దం పాటు విశాఖవాసికి కనిపించింది రాయి, ముళ్ల కంప. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979 జూన్‌లో గానీ కుదరలేదు. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 1982 ఫిబ్రవరిలో ఏర్పడింది. 3,897 కోట్ల అంచనాతో మొదలైన పని 8 వేల కోట్లు దాటింది. మధ్యలో ప్రణాళికను కుదించి సామర్థ్యాన్ని 30 లక్షల టన్నులకు తెచ్చారు, సిబ్బందినీ తక్కువగానే ఉంచాలనుకున్నారు. ఉద్యోగాల కోసం పుట్టిన ఉద్యమం ఫలితంలో ఉద్యోగాలే ముందు కత్తిరింపుకు గురయ్యాయి. గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్లాంటును జాతికి అంకితం చేసింది పి.వి. నరసింహారావే. మిగతా రెండు వాగ్దానాల సంగతి ఒక్క ముక్కలో చెప్పవచ్చు: సేలం స్టెయిన్‌లెస్ రేకుల మిల్లుగా కుంచించుకుపోయింది, తోరణగల్లులో ప్రభుత్వ కర్మాగారం రానేలేదు, చివరికి జిందాల్ వచ్చింది. మూడింటిలో నిజంగా సమగ్ర కర్మాగారమై నిలిచింది విశాఖ ఒక్కటే. అదీ సొంత ఇనుప గని లేకుండా. ఓట్ల కోసం ఇచ్చినప్పుడు చోటు చూపిస్తే సరిపోతుంది, గని అడిగేవాడు అప్పుడు ఉండడు. తర్వాతి నష్టాలకు కారణాలు చాలా చెబుతారు. ఈ లోటును మొదటి వరుసలో పెట్టని విశ్లేషణను నేను నమ్మను.

2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు ఢిల్లీలో పాలక పక్షానికి 300 దాటిన బలం ఉంది. కార్మికులు దీక్షా శిబిరం వేశారు, ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న పాత నినాదం మళ్లీ గోడలెక్కింది, ఢిల్లీ కదల్లేదు. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగింది. తెలుగుదేశానికి 16 మంది ఎంపీలు వచ్చారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీకి ఆమోదం దొరికింది. 1970 నాటి పాఠాన్ని ఇంతకంటే స్పష్టంగా తిరగరాయడం కష్టం.

ఈ లెక్కల్లో ఎప్పుడూ చేరని అంకె ఒకటుంది. ప్లాంటు కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి, 16 వేలకు పైగా కుటుంబాలు కదిలాయి. ఇంటికో ఉద్యోగం ఆశతో వాళ్ల చేతికి వచ్చింది ‘ఆర్ కార్డు’. సుమారు సగం కార్డులకు ఉద్యోగం వచ్చింది. మిగతావి గాజువాక చుట్టుపక్కల నిర్వాసిత కాలనీల్లో పెట్టెల అడుగున, ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. ఆర్ కార్డువాళ్లు అన్న మాట అక్కడ ఇప్పుడు దాదాపు ఒక కులం పేరులా వినిపిస్తుంది. భూమిచ్చిన తాతకు కార్డు వచ్చింది, తండ్రికి వయసు మీరింది, మనవడు ప్లాంటు గేటు దగ్గర కాంట్రాక్టు పాసు కోసం నిలబడతాడు. లోక్‌సభలో పాలక పక్షం బలం ఎంత తగ్గినా, ఆ వరుసలో ఉన్నవాళ్ల సంఖ్య ఒక్క నియోజకవర్గాన్ని కూడా తారుమారు చేసేంత కాదు.