మూడుకు చోటిచ్చిన రూపాయి

లెక్కల మేష్టరుగా ఉన్నన్నాళ్లూ కారణాంకాల పాఠం నేను 12తోనో 18తోనో మొదలుపెట్టలేదు. బోర్డు మీద 120 రాసేవాణ్ణి. మా నాన్న కిరాణా కొట్లో వీశెకు 120 తులాలు మరి.

తక్కెడ పక్కన ఇనప గుండ్లు వరసగా ఉండేవి: వీశె, అరవీశె, పదలం, ఏబులం. అంటే 120, 60, 30, 15 తులాలు. సగానికి సగం చేసుకుంటూ పోతే ఏబులం దగ్గర ఆగిపోవాల్సిందే. 15 తులాలను తులం విరక్కుండా రెండు భాగాలు చేయలేం. మూడు చేయొచ్చు, అయిదు చేయొచ్చు. అయిదు చేస్తే వచ్చేదే పలం, మూడు తులాలు. 120 = 2×2×2×3×5 అని మేం నల్లబల్ల మీద రాసేదాన్ని ఆ గుండ్లు కొట్టు బల్ల మీదే చూపించేవి.

మద్రాసు కొలతల్లో శేరుకు 24 తులాలు, అయిదు శేర్లు వీశె. 2, 3, 4 గుణిస్తే 24. 4, 5, 6 గుణిస్తే 120. వరుసగా మూడు సంఖ్యలు తీసుకుంటే అందులో ఒకటి 3తో భాగించబడి తీరుతుంది, కనీసం ఒకటి సరిసంఖ్య అయి తీరుతుంది. అందుకే ఏ మూడు వరుస సంఖ్యల లబ్ధమైనా 6తో నిశ్శేషంగా పోతుంది. ఈ సూత్రం చూసుకుని ఎవరో వీశెను కట్టారని నేననను. పంపకానికి లొంగే సంఖ్య బజారులో నిలిచింది, అంతే.

డబ్బు సంగతీ అదే. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి 192. విడగొడితే ఆరు రెండ్లు, ఒక మూడు. ముగ్గురు పంచుకుంటే తలా అయిదణాల నాలుగు పైలు, చిల్లిగవ్వ తేడా రాదు. వీశె బెల్లం పదణాలు అనుకోండి. పదణాలంటే 120 పైలు. కాబట్టి తులం ఒక పై, శేరు రెండణాలు. ఈ లెక్కకు కాగితం, పెన్సిలు ఎవరూ తీసేవారు కాదు. బళ్లో పదహారో ఎక్కం అంతగా బట్టీ పట్టించడం, వీసమంటే పదహారో వంతనీ పరకంటే ఎనిమిదో వంతనీ నూరిపోయడం ఈ బేరాల కోసమే.

ధాన్యం దగ్గరకు వస్తే కథ మారుతుంది. మా వైపు నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పుట్టికి 5120 గిద్దలు. అందులో పది రెండ్లు, ఒక అయిదు, అంతే. మూడు లేనే లేదు. ముగ్గురు అన్నదమ్ములు పుట్టి వడ్లు పంచుకుంటే తలా 1706 గిద్దలు పోను రెండు గిద్దలు మిగిలిపోతాయి. కొలతల్లో రెండ్లే ఇంతగా ఉండడానికి కారణం ఊహించడం కష్టం కాదు. రాయి లేకపోయినా రెండు తట్టల్లో సరుకు పోసి ముల్లు సమానం చేస్తే సగం వచ్చేస్తుంది. మూడో వంతు అలా రాదు.

మరి ఏడు? రూపాయి, వీశె, పుట్టి, మూడూ దాన్ని గుమ్మం బయటే నిలబెట్టాయి. కానీ అంతకు ముందు కంపెనీవారి మద్రాసు వరహాలో ఏడుకు చోటుండేది. వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు, మొత్తం 3360 కాసులు. ఏడుగురు పంచుకుంటే తలా ఆరు పణాలు. వరహా మూడున్నర రూపాయలకు సమానం. ఆ అరలోంచే ఏడు లోపలికొచ్చింది. 1818లో మద్రాసు రాజధానిలో వరహా పోయి రూపాయి ప్రమాణమైంది, ఏడు మళ్లీ బయటికి పోయింది.

120కి అటూ ఇటూ ఉన్న సంఖ్యలను కూడా పిల్లలతో విడగొట్టించేవాణ్ణి. 119 అంటే 7×17. 121 అంటే 11×11. 120లో ఉన్న 2, 3, 5లలో ఒక్కటీ వీటిలో లేదు. పక్కపక్కనే ఉన్న రెండు సంఖ్యలకు ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ రెండువేల మూడొందల ఏళ్ల కిందట నిరూపించింది ఈ పట్టుతోనే. తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలిపితే, వచ్చినదాన్ని వాటిలో ఏదీ నిశ్శేషంగా భాగించలేదు. మన దేశంలో తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు భిన్నాలు కలపడానికి కారణాంకాలతో పట్టే కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) వాడాడు. ఆయన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లో పెట్టాడు.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాయి. 100 = 2×2×5×5. మూడు పోయి రెండు అయిదులు వచ్చాయి. అణాకు లెక్క ప్రకారం ఆరుంపావు నయాపైసలు రావాలి, ఇచ్చింది ఆరు. నాలుగు అణాలు విడివిడిగా మారిస్తే 24, పావలాగా మారిస్తే 25. కొట్టు దగ్గర ఆ ఒక్క పైసా మీద జరిగిన వాదాలు నేను చెవులారా విన్నాను. మరుసటేడు అక్టోబరు నుంచి కిలోలు వచ్చాయి. వీశె, పదలం అటకెక్కాయి.

దశాంశ పద్ధతి మంచిదే. కూడికలు, గుణకారాలు సులువయ్యాయి, దేశమంతా ఒకే కొలత అయింది. పోగొట్టుకున్నది మూడో వంతు. ముగ్గురు పంచుకునే రూపాయిలో ఒక పైసా ఎవరో ఒకరు వదులుకోవాలి.

ఇవాళ కారణాంకాలు చెప్పే మేష్టర్లకు నా మనవి ఒకటే. నిర్వచనం తర్వాత చెప్పండి. ముందు 192, 120, 100 బోర్డు మీద రాసి, ఇద్దరికి, ముగ్గురికి, అయిదుగురికి, ఏడుగురికి పిల్లల చేత పంచించండి. ఏది ఎందుకు మిగులుతుందో వాళ్లే చెప్తారు.