గజ్జి మందుకు ముందు కత్తెర

జీవాల గజ్జికి చెట్టుమందుల చరిత్ర రాసేవాళ్లు ఒకటే వరస చెబుతారు: వేప, కానుగ అనాదిగా నయం చేశాయి, ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వచ్చి వాటిని తరిమేసింది. సిద్దిపేట వైపు గొర్ల మందల సంగతి దగ్గర పెట్టుకుని చూస్తే ఈ కథ నిలవదు.

'అనాదిగా' అన్న మాటనే కొంత తగ్గించుకోవాలి. పాత పుస్తకాల్లో ఆధారం వెతికితే మనుమంచి భట్టు హయలక్షణసారం ఉంది గానీ, అది గుర్రాల శాస్త్రం. గొర్రెల వైద్యం కాపరుల నోటనే బతికింది. ఆ వైద్యంలో చేరిన పొగాకు, సీతాఫలం గింజలు అమెరికా ఖండం నుంచి వచ్చినవి. వేప పేటెంటు గెలుపునూ ఇందులోకి లాగుతారు గానీ, యూరప్‌లో 2000లో రద్దయిన ఆ పేటెంటు పంటల బూజుకు సంబంధించినది.

ఇంజెక్షన్ తరిమిందన్న మాట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఐవర్‌మెక్టిన్ పశువుల మందుగా బజారుకెక్కింది 1981లో. అంతకు చాలా ముందే గమాక్సిన్ అనే పురుగుమందు పొడి ఊళ్లలోకి వచ్చింది. మన దేశంలో దాన్ని 1997లో గానీ నిషేధించలేదు. అంటే కానుగ నూనెకు చవకైన పోటీ అప్పటికే ఉంది. నా దృష్టిలో అసలు దెబ్బ ఉన్ని మీద పడింది.

దక్కని నల్లగొర్రెకు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడేది. గొంగడికి ఉన్ని కావాలి కాబట్టి కురుమలు జీవాన్ని పడుకోబెట్టి చర్మమంతా చూసేవారు. వీపు మీద, తోక మొదట్లో పెచ్చు కనబడితే తడిపి ఒలిచి, గంధకం కలిపిన కానుగ నూనె రుద్దడానికి అదే అదను. బొచ్చు తీశాకే నూనె చర్మానికి అందుతుంది. కొద్ది రోజుల్లో గుడ్లు పగిలి కొత్త పురుగులు వస్తాయి గనుక మళ్లీ రాయాలి. మిల్లు దుప్పట్లొచ్చి గొంగడి బేరం పడిపోయింది. ఉన్ని ధర కత్తిరింపు కూలికి కూడా చాలకుండా పోయింది. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు పొట్టేళ్లను కలిపారు. కత్తెరతో పాటే ఆ చూపూ పోయింది.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. ఉన్ని లేని గొర్రెకు ఉన్నిలో బతికే సోరోప్టిస్ అనే గజ్జి పురుగు బెడద తక్కువే. ముఖానికీ చెవులకూ పట్టే సార్కోప్టిస్ మాత్రం దాన్నీ వదలదు. గజ్జి పాకడానికి ఇంకో దారీ ఉంది. 2017 జూన్‌లో సిద్దిపేట జిల్లా కొండపాకలో మొదలైన ప్రభుత్వ గొర్రెల పంపిణీ ఒక్కో లబ్ధిదారుకు 75 శాతం రాయితీపై 21 జీవాలిచ్చింది. చాలావరకు పక్క రాష్ట్రాల నుంచి తెచ్చినవే. కొత్త జీవాలను కొన్నాళ్లు వేరుగా కట్టకుండా మందలో కలిపితే గజ్జి పాకుతుంది. ఏ నూనె రాసినా ఆ తప్పు దిద్దుబాటు కాదు.

సిద్దిపేట జిల్లాలో కానుగ చెట్టుకు కరువు లేదు. అయినా ఇప్పుడు మూలికా వైద్యం పేరుతో నూనె ఒక్కదాన్నే పొగడటం నాకు నచ్చదు. కత్తెర, ఒలుపు, మళ్లీ రాయడం, మందను విడదీయడం చెప్పకుండా నూనె చెబితే కాపరి నష్టపోతాడు. పొగాకు కషాయమైతే కొలత తప్పితే గొర్రెపిల్లలకు విషమే. ఇంజెక్షన్ కూడా ఒక్కసారి వేస్తే చాలనుకోవద్దు. సోరోప్టిస్ గజ్జికి దాన్ని కూడా వారం తేడాతో రెండోసారి వేయాల్సిందే.