పంచ్ పాత్రలో మన పాలెంత?

వేసవి విందుల్లో పెద్ద గాజుపాత్ర నిండా చల్లార్చిన టీ డికాక్షను, నిమ్మరసం, చక్కెర, కాస్త రమ్ము కలిపి, పైన జాజికాయ గీరి అందించే పానీయం ఒకటి ఉన్నది. దానిని టీపంచ్ అంటారు. పేరు వినగానే దొరల బంగళాలు, పంకాలు లాగే బంట్రోతులు మనసులో మెదులుతారు. ఇది పూర్తిగా పరాయి సరుకనీ, మనకు తెలిసిన చలువ పానీయాలు పానకం, మజ్జిగ, చోడి అంబలి మాత్రమేననీ అనుకోవడం సహజం. కాని ఆ పాత్రలోని దినుసులను ఒక్కొక్కటిగా విడదీసి వాటి పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తే, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల చరిత్ర కొంత అందులో కరిగి ఉన్నదని తెలుస్తుంది. ఆ పానీయాన్ని ఇంట్లో చేసుకునే విధానం చివర చెబుతాను. ముందు దాని కథ.

‘పంచ్’ అనే ఆంగ్లపదం మన ‘పంచ’ శబ్దం నుండి వచ్చిందని బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. సారా, చక్కెర, నిమ్మరసం, నీరు, సుగంధద్రవ్యం అనే ఐదు వస్తువుల కలయిక కనుక ఆ పేరు. పీపా అనే అర్థమున్న ‘పంచన్’ నుండి వచ్చిందనే వాదం కూడా లేకపోలేదు. ఆ వాదవివాదాలు ఎలా తేలినా, ఈ మాటకు దొరికిన తొలి లిఖితాధారం మాత్రం తెలుగుతీరానికి సంబంధించినది. 1632 సెప్టెంబరు 28వ తేదీన రాబర్ట్ ఆడమ్స్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, పెద్దపల్లిలో వర్తకుడిగా ఉన్న థామస్ కోలీ అనే సహోద్యోగికి ఒక ఉత్తరం రాశాడు. అందులో పంచ్ తాగడం ప్రస్తావనకు వస్తుంది. పెద్దపల్లి అంటే నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. కంపెనీవారి ‘గ్లోబ్’ నౌక 1611లో మొదట లంగరు వేసిన రేవులలో అది ఒకటి. ఆడమ్స్ ఆ పానీయమేమిటో వివరించే శ్రమ పడలేదు. అంటే ఈ తీరాన ఉన్న ఆంగ్లేయులకు అది అప్పటికే నిత్యవ్యవహారమై ఉండాలి.

కారణం ఊహించడం కష్టం కాదు. ఇంగ్లండు నుండి బయలుదేరిన బీరు నెలల తరబడి సాగే ఉష్ణమండల ప్రయాణంలో చెడిపోయేది. ద్రాక్షసారా ఖరీదైనది. ఇక్కడ దిగినవారికి చవకగా దొరికింది తాటి, కొబ్బరి కల్లు నుండో, బెల్లపు మడ్డి నుండో, బియ్యం నుండో బట్టీలో దించిన సారా. వారు దానిని ‘అరక్’ అన్నారు. ఆ అరబ్బీ మాటకు చెమట అని అర్థం. బట్టీ మూతకు పట్టి బొట్టుబొట్టుగా జారే ద్రవానికి అంతకన్న మంచి పేరు దొరకదు. ఘాటైన ఆ సారా ఒంటరిగా గొంతు దిగదు. పులుపు ఒకపాలు, తీపి రెండుపాళ్ళు, సారా మూడుపాళ్ళు, నీరు నాలుగుపాళ్ళు అనే లెక్క తరువాతి కాలంలో స్థిరపడింది.

ఇక్కడ మన పానకాన్ని ఒకసారి తలచుకోవాలి. విజయనగరం జిల్లా రామతీర్థంలోనైనా, మరే పల్లెలోని రామమందిరంలోనైనా, శ్రీరామనవమినాడు పంచే పానకంలో ఉండేవి బెల్లం, నీరు, మిరియాలు, శొంఠి, యాలకులు. లెక్క అక్కడా ఐదే. నిమ్మరసం పిండేవారూ ఉన్నారు. పానకమే పంచ్‌గా మారిందని నేను అనడం లేదు, దానికి ఆధారమేమీ లేదు. కాని తీపిని, ఘాటును, నీటిని తూకం వేసి ఎండదెబ్బకు విరుగుడు చేసుకునే తెలివి ఈ నేలకు కొత్త కాదని మాత్రం చెప్పవచ్చు. కొత్తగా వచ్చి చేరినది సారా. దానితోపాటు సర్కారు లెక్క.

ఉత్తరాంధ్రలో కల్లు ఊరివారి ఆహారంలో భాగం. మైదానంలో తాడి, ఈదు చెట్లు, మన్యంలో జీలుగు చెట్టు. జీలుగు కల్లు కొండవారికి దాహం తీర్చే నీరు, ఆకలి తీర్చే అన్నం, పండుగకు, పెళ్ళికి, చావుకు తప్పనిసరి మర్యాద. ఆ చెట్టుమీద పన్ను వేస్తే ఏమవుతుందో 1879లో గోదావరి మన్యం చూపించింది. సొంతానికి గీసుకునే కల్లుమీద కూడా ఆంక్షలు పెట్టి, కల్లు రాబడిని గుత్తకిచ్చి, దానిపైన చిగురుపన్ను పేరిట వసూళ్ళు సాగించడం ఆనాటి రంప పితూరీకి ముఖ్యకారణాలలో ఒకటి. ఆ మంట విశాఖపట్నం జిల్లాలోని గొలుగొండ కొండలకు కూడా పాకింది. అయినా సర్కారు వెనక్కు తగ్గలేదు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలంపాట. గీసేవాడికన్న, తాగేవాడికన్న, పాటదారుకూ ఖజానాకూ ఎక్కువ మిగిలే ఏర్పాటు అది.

దాని ఫలితం విజయనగరం వీధుల్లో ఎలా ఉండేదో తెలుసుకోవడానికి మనకు గొప్ప సాక్షి ఉన్నాడు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. మనం నేడు చదువుతున్నది 1909 నాటి రెండవ కూర్పు. అందులో సారాదుకాణం రంగం ఒకటి ఉన్నది. బైరాగి, హవల్దారు మొదలైనవారు అక్కడ చేరి, చుక్క పడినకొద్దీ వేదాంతంలోకి దిగుతారు. సంసారాలు, కులాలు, ఆచారాలు విడదీసిన మనుషులను ఒకచోట కూర్చోబెట్టిన స్థలంగా ఆ దుకాణాన్ని గురజాడ నవ్విస్తూ చిత్రించారు. చదువరులు నవ్వుకుంటూ దాటిపోయే ఆ దుకాణం వెనుక సర్కారు లైసెన్సు ఉన్నదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక టీ సంగతి. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులో పంచ్‌లోని నీటికి బదులు టీ పోయడం మొదలయింది. సారా ఘాటును టీలోని వగరు మెత్తబరుస్తుంది. సుగంధాన్నీ ఇస్తుంది. అప్పటి టీ చైనాది. అస్సాం అడవుల్లో టీ మొక్క పెరుగుతున్న సంగతి రాబర్ట్ బ్రూస్ ద్వారా 1823లో ఆంగ్లేయులకు తెలిసింది. 1839లో అస్సాం కంపెనీ ఏర్పడింది. అడవి నరికి తోటలు వేయడానికి మనుషులు కావాలి. స్థానికులు ఆ కూలికి, ఆ జ్వరాలకు సిద్ధపడలేదు. దానితో దళారులు చోటానాగపూరు మీద, ఆ తరువాత మన గంజాం, విశాఖపట్నం జిల్లాల మీద పడ్డారు. 1936 వరకు నేటి శ్రీకాకుళం ప్రాంతంలో చాలాభాగం గంజాం జిల్లాలోనే ఉండేదని గుర్తుచేసుకుంటే, ‘గంజాం కూలీలు’ అనే మాటలో మనవాళ్ళెందరు కలిసి ఉంటారో అర్థమవుతుంది.

1866లో గంజాం కరవు, 1896-97లో మరో కరవు. ఇంట గింజ లేని కాలంలో ముందుచూపు కన్న ముందుగా చేతికిచ్చే బయానా పెద్దదిగా కనిపిస్తుంది. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుండి సముద్రం దాటి బర్మా వెళ్ళడాన్ని మనవాళ్ళు ‘రంగం పోవడం’ అనేవారు. రంగం పోయినవారిలో చాలామంది నాలుగు డబ్బులతో తిరిగివచ్చారు. తేయాకు తోటలకు పోయినవారికి తిరిగిరావడం అంత తేలిక కాదు. 1859 నాటి చట్టం ప్రకారం బయానా తీసుకొని పని మానితే అది శిక్షార్హమైన నేరం. 1865 చట్టం పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకొనే అధికారం తోటదొరకే ఇచ్చింది. అస్సాం తేయాకు తోటల జనంలో తెలుగు మూలాలవారు, సవరలు నేటికీ ఉన్నారు. ఊరి పేర్లు మరచిపోయినా ఇంటిపేర్లు మరవని కుటుంబాలు ఎన్నో.

అలా మనవాళ్ళు కోసిన ఆకు లండను వెళ్ళింది. మనకు మాత్రం టీ అలవాటయింది చాలా ఆలస్యంగా, ఇరవయ్యవ శతాబ్దంలో. ఎగుమతి ధరలు పడిపోయిన 1930ల్లో, మిగిలిన సరుకును ఈ దేశంలోనే అమ్ముకోవాలని తేయాకు వ్యాపారులు ఊరూరా ఉచితంగా టీ పోసి ప్రచారం చేశారు. ఆ తరువాత ఆకును నలిపి గుండగా చేసే సీటీసీ యంత్రాలు విస్తరించి టీ చవకయింది.

సారా కథ మరోదారి పట్టింది. 1937లో సేలం జిల్లాలో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వచ్చింది. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. వివాదం మద్యనిషేధం గురించే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాజేసిన ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు నుండి సారా నిషిద్ధమయింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది. ఖజానాకూ కాపురానికీ మధ్య ఈ తగవు 1886లో ఎక్కడ ఉన్నదో ఇంచుమించు అక్కడే ఉన్నది.

ఇప్పుడు పానీయం. సుమారు ఆరుగురికి సరిపోయే కొలతలివి. నాలుగు నిమ్మకాయల పైతొక్కను, తెల్లపొర రాకుండా, పలుచగా చెక్కాలి. ఆ తెల్లపొర చేదు. తొక్కలను 150 గ్రాముల చక్కెరలో వేసి గరిటె వెనుకవైపుతో నలిపి గంటసేపు మూతపెడితే, తొక్కలోని నూనె చక్కెరలోకి దిగుతుంది. అసలు పరిమళమంతా అక్కడిదే. అరలీటరుకు కాస్త ఎక్కువగా నీరు మరిగించి దించి, నాలుగు చెంచాల ఆకుటీ వేసి నాలుగు నిమిషాలకే వడగట్టాలి. ఎక్కువసేపు ఉంచితే వగరు ముదురుతుంది. గుండటీ పనికిరాదు, పాలు అసలే వద్దు, నిమ్మరసానికి విరిగిపోతాయి. వేడి డికాక్షనులో ఆ చక్కెరను కరిగించి, తొక్కలు తీసివేసి, గదిలోనే నెమ్మదిగా చల్లారనివ్వాలి. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే టీ మసకబారుతుంది. చల్లారిన తరువాత నిమ్మరసం పిండాలి. రంగు ఒక్కసారిగా తేలికపడటం చూసి కంగారుపడవద్దు, పులుపు తగిలితే టీ రంగు అలాగే మారుతుంది. సీతంపేట కొండల అనాస దొరికే రోజుల్లో నాలుగు ముక్కలు వేస్తే మన ముద్ర పడుతుంది. పైన జాజికాయ గీరి, మంచుముక్కలతో ఇవ్వాలి.

మద్యం అలవాటున్న పెద్దలు లైసెన్సు దుకాణంలో కొన్న రమ్ము నూటయాభై మిల్లీలీటర్లు కలుపుకోవచ్చు. లేనివారు రెండు చెంచాల అల్లంరసం వేస్తే ఆ ఘాటు లోటు తీరుతుంది. నాకు ఈ రెండవదే పానకానికి దగ్గరి చుట్టంగా తోస్తుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పాత రుచికోసమని ఎక్కడో దించిన నాటుసారా జోలికి పోకూడదు. 2019 ఫిబ్రవరిలో అస్సాంలోని గోలాఘాట్, జోర్హాట్ జిల్లాల్లో కల్తీసారా తాగి 150 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు తేయాకు తోటల కూలీలు. టీ, సారా అనే ఈ రెండు సరుకులూ దొరల పాత్రలో విలాసంగా కలిశాయి. ఆ ఆకు కోసినవారి జీవితంలో కలిసినప్పుడు ఇలా కలిశాయి.

అందువల్ల టీపంచ్ తాగవద్దని నా భావం కాదు. చక్కని పానీయం, చేసుకొని తాగండి. అయితే పంచ్ అనే పేరులోని ఐదింటితో పాటు ఆరవదిగా మనవారి చెమట కూడా అందులో ఉన్నదని తెలిసి తాగితే బాగుంటుంది. తోటదొరల చరిత్ర వారి దస్తావేజుల్లో భద్రంగానే ఉన్నది. అస్సాం పోయి తిరిగిరాని ముత్తాతల కథలు మాత్రం శ్రీకాకుళం, పార్వతీపురం పల్లెల్లో ముసలివారి నోళ్ళలోనే మిగిలి ఉన్నాయి. మీ ఇళ్ళలో అటువంటి ముచ్చట ఒక్కటైనా వినబడితే, దయచేసి అడిగి, రాసి పెట్టండి. ఆలస్యం చేయకండి.